ఉన్నామన్న రుజువు

నమోదు 1

అత్తయ్య దీపం దాచిందేమోనని వెతకడానికి వచ్చి ఇరుక్కుపోయాను. ఈ సంగతి ముందే రాసేస్తే మంచిది. లేకపోతే అత్తయ్య నా పలక లాక్కుని తనే రాసేలా ఉంది.

నేను మంగతాయారుని, అడుగూరులో గాలి ఇనస్పెక్టరుని. సముద్రం అడుగున ఉన్న మా ఊళ్ళో ఎవరు ఏ మంట వెలిగించాలన్నా నన్నడగాలి. మా మందిరంలో ప్రమిద ఉంది, వత్తి ఉంది, నూనె ఉంది, వెలుగు మాత్రం లేదు. మా పెద్దలు కిందికి దిగిన రోజున, ఏడాదికొక్కసారి, హారతి పాట అయ్యేంతసేపు వెలిగించుకోవచ్చు. ఈ ఏడు గాలి పలచగా ఉందని నేను అదీ వద్దన్నాను. మందిరం చూసుకునే గంగరత్నం అత్తయ్య గొడవేమీ పెట్టుకోకుండా "సర్లే" అంది. ఆవిడ సర్లే అందంటే మనసులో ఏదో పెట్టుకుందన్నమాటే. అందుకే బుట్ట పట్టుకుని నాచు గదికి బయల్దేరగానే నేనూ వెనకాలే వచ్చాను.

ఆవిడ నా మొగుడు సూరిబాబుకి పెద్దతల్లి. తల్లి పోయాక ఈవిడే పెంచింది. మొగుణ్ణి పేరు పెట్టి రాస్తున్నానని తెలిస్తే దానికో దండకం చదువుతుంది. నేను నాచు కట్టలన్నీ తిరగేసి వెతుకుతుంటే ఆవిడ పీట మీద కూర్చుని వినోదం చూస్తోంది. అప్పుడే నేల కదిలింది.

నాచు గది ఊరికి కొసన ఉంటుంది. మధ్యలో పొడుగాటి నడవ. నడవకి అటు చివర ఊరి తలుపు, ఇటు చివర మా తలుపు. నేల కదలగానే రెండు తలుపులూ వాటంతటవే బిగుసుకున్నాయి. మాది నడవలోంచే తియ్యాలి, లోపల్నుంచి రాదు. మా తలుపుకి చిన్న అద్దం ఉంది. అందులోంచి చూస్తే నడవ గోడ చీలి సన్నటి ధార కారుతోంది. ఊరి తలుపుకి అద్దం లేదు. నడవలో ఏం జరుగుతోందో మాకు కనిపిస్తుంది, వాళ్ళకి కనిపించదు.

గాలి గొట్టంలోంచి గాలి వస్తోంది. స్పీకరు పనిచేస్తోంది, ఊళ్ళో వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. మా వైపు మైకు చచ్చింది. తినడానికి ఎండు నాచు, తాగడానికి గోడ చెమ్మ పట్టే తొట్టిలో నీళ్ళు ఉన్నాయి. ఒడ్డు నుంచి మరమ్మతు ఓడ రావాలంటే తుపాన్ల కాలం అయిపోవాలి. ఈలోగా వస్తే ఊళ్ళోవాళ్ళే రావాలి.

దీపం దొరకలేదు. అత్తయ్య నిజంగానే నాచు ఆరబెట్టుకోవడానికి వచ్చిందట.

"రుజువు లేందే దేవుణ్ణి కూడా నమ్మనంటావు. నేను దొంగనని మాత్రం రుజువు లేకుండానే నమ్మేశావేటే?" అంది.

నాచు కట్టలు మళ్ళీ సర్దాను.

నమోదు 2

ఇలా చిక్కుకుపోయినవాళ్ళు ఏం చెయ్యాలో నాకు కంఠతా వచ్చు. ఏటా బళ్ళో పిల్లలకి నేర్పేది నేనే. మూడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్ళీ మూడు. ఒకే ఎడం, ఒకే బలం. ఇనుప కమ్మీ తీసుకుని గాలి గొట్టం మీద అలాగే కొడుతున్నాను. చెయ్యి లాగేస్తోంది. అయినా ఒక్క దెబ్బ తప్పనివ్వలేదు.

"అలా గడియారంలా కొడతావేటే? ఇటియ్యి, ఊరంతా ఉలిక్కిపడేలా నేను కొడతాను" అని అత్తయ్య చెయ్యి చాపింది.

ఇవ్వలేదు. ఇష్టమొచ్చినట్టు కొడితే ఏ రాయో దొర్లి తగిలిందనుకుంటారని చెప్పాను. పద్ధతి ఉంటేనే వెనకాల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అదేనే నేనూ అనేది! పోటూ పాటూ ఏళకి వత్తన్నాయా లేదా? మరి వాటెనకాల ఎవరూ లేరంటావేటి?"

"పోటూ పాటూ చంద్రుడి వల్ల, అత్తయ్యా. ఎవరూ కూర్చుని తొయ్యక్కర్లేదు. పద్ధతిగా జరిగేదానికి యంత్రం చాలు."

"నీ కొట్టుడికి మడిసి కావాలి, సముద్రానికి అక్కర్లేదు. బాగుంది నీ లెక్క" అని అటు తిరిగి పడుకుంది. నాకు కోపం వచ్చింది. కోపంలో కూడా ఎడం తప్పకుండా కొట్టాను.

నమోదు 3

నడవలో నీళ్ళు మోకాలి లోతు ఉన్నాయి. ఇప్పుడెవరైనా వస్తే బట్టలు తడుస్తాయి, అంతకంటే ఏమీ కాదు. ఎవరూ రావడం లేదు.

చేసేదేమీ లేక వాదించుకుంటున్నాం. నిజానికి సూరిబాబుతో నా పెళ్ళయిన రోజు నుంచీ ఈ వాదన నడుస్తూనే ఉంది. అక్కడైతే మధ్యలో ఎవరో ఒకరు వచ్చి అన్నానికి లేవమనేవారు. ఇక్కడ ఆపేవాళ్ళు లేరు.

"సరే, ఆయనున్నాడని నువ్వు ఒప్పుకోవాలంటే ఏటి సెయ్యాలో సెప్పు. ఇనస్పెక్టరమ్మ లెక్కేటో నాకూ తెలియాలి కదా" అంది.

"అడిగినప్పుడు జవాబు రావాలి. నేనడిగినా మీరడిగినా ఒకటే జవాబు రావాలి. ఆ జవాబుకి ఇంకో కారణం ఏదీ ఉండకూడదు."

"నీకు మీట నొక్కితే మోగే గంట కావాలి. దేవుడక్కర్లేదు."

"పిలిస్తే పలకనివాడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదా."

"మీ పెదమావయ్య నాతో అన్నేళ్ళు కాపరం సేసి పట్టుమని పది మాటలు ఆడలేదు. లేడంటావా?"

నవ్వాపుకోలేకపోయాను. "ఆయన తిన్న కంచం ఉండేది కదా. అది రుజువు."

"ఆ కంచం తోమినదాన్ని గనక నాకు తెలుసు. నువ్వు తోమలేదు. నీకెలా తెలుసు?"

తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, సూరిబాబుకి చిన్నప్పుడు వచ్చిన జ్వరం గురించి చెప్పింది. ఒంటి మీద చెయ్యి వెయ్యలేనంత కాలిపోయేవాడట. మందిరంలో వెలగని ఆ వత్తి ముందు కూర్చుని, వీణ్ణి ఉంచితే నా కళ్ళు తీసుకో అని మొక్కిందట. వాడు బతికాడు. ఆవిడకి ఇప్పుడు శుక్లాలు, చెయ్యి చాపితే వేళ్ళు కూడా మసకే.

"మందు కూడా వేశారు కదా" అన్నాను.

"ఏశాను. మందేసినోళ్ళందరూ బతకలేదే."

"మొక్కినవాళ్ళందరి పిల్లలూ బతకలేదు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడకి ఒక కూతురుండేదని, అదే జ్వరంలో పోయిందని నాకు తెలుసు. నేను వాదనలో గెలిచాను, నా మొహం నాకే చూసుకోబుద్ధి కాలేదు.

నమోదు 4

ఈ రోజు స్పీకర్లో ఊరి సభ. మొదటి విషయం, నాచు గదిలో బతికున్న మనుషులు ఉన్నారా, లేరా.

ఇద్దరం స్పీకరు కింద చేరాం. అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకుంది. పెద్ద పంపు మేస్త్రి తాతారావు లేచాడు. ఆయన గొంతు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎందుకంటే గొట్టంలో చప్పుడు వినేవాడు ఆయనే.

"గొట్టంలో సప్పుడు వత్తన్న మాట నిజవేనండి. కానీ అది కవాటవండి. నేల కదిలినప్పుడు వదులైపోయింది. మూడేసి కొడతంది, ఆగుతంది, మళ్ళీ మూడేసి. రవ్వంత తేడా లేదండి. మడిసైతే సెయ్యి నొప్పెట్టదా? ఓపాలి గట్టిగా, ఓపాలి మెల్లిగా కొట్టడా?"

చేతిలోని కమ్మీని కింద పెట్టేశాను.

తర్వాత సూరిబాబు లేచాడు. వాడు గేటు మేస్త్రి, ఊరి తలుపు వాడి చేతిలో ఉంటుంది. ఆ తలుపు ముందు ఒక్క మనిషి పట్టే ఇరుకు గది ఉంది. అందులో దూరి, వెనక తలుపు బిగించుకుని, అప్పుడు ఊరి తలుపు తియ్యాలి. పోతే ఆ మనిషి పోతాడు, ఊరికేం కాదు. కానీ అవతల మనిషి బతికి ఉన్నట్టు తెలిస్తేనే అది తియ్యాలని మా ఊరి కట్టుబాటు.

"నాకు వాళ్ళున్నారనే అనిపిస్తోంది. అనిపించడం రుజువు కాదు" అన్నాడు. గొంతు బొంగురుపోయింది. "పద్ధతిగా జరిగేదానికి యంత్రం చాలు అని మా ఆవిడే అంటూ ఉంటుంది. ఇంకొన్నాళ్ళు విందాం."

నీళ్ళు నడుం దాకా ఉన్నాయి, అంతే! ఇప్పుడు వస్తే ఈదనక్కర్లేదు, నడిచే రావచ్చు. గొంతు పగిలేలా అరిచాను, తలుపు బాదాను. స్పీకర్లో వాళ్ళు తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు, నాచు పంపకం గురించి.

అత్తయ్య నన్ను దెప్పకుండా తొట్టిలోంచి నీళ్ళు తెచ్చిచ్చింది. దెప్పి ఉంటే బాగుండేది.

నమోదు 5

కమ్మీ అత్తయ్యకి ఇచ్చేశాను. ఆవిడ దంపుళ్ళు దంచినట్టు, మధ్యలో ఎవరినో తిడుతున్నట్టు, అలిసిపోయి ఆగి, మళ్ళీ అందుకుని కొడుతోంది. ఇది విన్న ఎవడైనా మనిషి అనక తప్పదనుకున్నాను.

సాయంత్రం తాతారావు స్పీకర్లో, "సూశారా అండీ, కవాటం పూర్తిగా పాడైపోయింది. ఒక వరసంటూ లేకుండా కొడతంది" అన్నాడు.

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. పద్ధతిగా కొడితే యంత్రం, పద్ధతి లేకపోతే పాడైన యంత్రం.

మేమున్నామని నమ్మేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో ఇంకో బాధ. గంగరత్నం గారు కల్లోకి వచ్చి తన మంచం నన్ను తీసుకోమన్నారని ఒకావిడ సాక్ష్యం చెప్పింది.

"నేనెప్పుడన్నానే! అది నా ముక్కాలి పీట మీద కూడా కూర్చోడానికి పనికిరాదు!" అని అత్తయ్య స్పీకరు మీదికి లేచింది.

గొట్టంలో నా గొంతు విన్నామని, ఊరంతా కలిసిమెలిసి ఉండమన్నానని ఇంకొకరు చెప్పారు. నేను జన్మలో అలాంటి మాట అనలేదు. ఆ తర్వాత మా మీద పాట కట్టి పాడారు. అందులో నేను ఎవరినీ పల్లెత్తు మాట అనని ఇల్లాలిని, అత్తయ్య శాంతమూర్తి. పాటయ్యాక తాతారావు అడిగిందే అడిగాడు. ఇంత మంది ఏడుస్తుంటే, ఉన్నవాళ్ళే అయితే ఒక్కసారి పలకరా?

అత్తయ్య నా వైపు తిరిగి, "ఎలా ఉందే దేవుడి ఉద్యోగం?" అంది.

"పలుకుతూనే ఉన్నాం కదా, అత్తయ్యా!"

"ఆయన కూడా పలుకుతున్నాడేమో."

"ఇది ఆయనున్నాడనడానికి రుజువు కాదు."

"కాదు" అని ఒప్పుకుంది. "నువ్వున్నావనడానిక్కూడా కాదంట."

ఇద్దరం నాచు నములుతూ కూర్చున్నాం. ఆవిడ మీద నాకు ఇంత ఇష్టం ఉందని ఇన్నాళ్ళూ తెలియదు.

నమోదు 6

పొద్దున అద్దంలోంచి చూస్తే నడవ కప్పు కనిపించలేదు. నీళ్ళు కప్పు దాకా నిండిపోయాయి. ఇప్పుడక్కడ ఉన్నది సముద్రమే, దాని బరువంతా అటు ఊరి తలుపు మీదా, ఇటు మా తలుపు మీదా ఉంది.

ఇప్పుడు ఇరుకు గదిలోంచి ఊరి తలుపు తీస్తే, తీసినవాడు రెండో ఊపిరి పీల్చడు. ఈ లెక్క సూరిబాబుకి నాకంటే బాగా తెలుసు. నడవ నిండిందని మాత్రం తెలియదు.

అత్తయ్యకి అద్దంలోంచి ఏమీ కనిపించదు. నేను చెప్పలేదు. కమ్మీ తీసుకుని దాచేశాను. ఎందుకు ఆపించావంటే కాసేపు చేతులు సేద తీరనిద్దాం అన్నాను. ఆవిడ సర్లే అంది.

నమోదు 7

ఈ పూట స్పీకర్లో సభ లేదు, పాట లేదు. ఊళ్ళో పంపుల చప్పుడు ఒక్కొక్కటీ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేను వినలేదు. తర్వాత సూరిబాబు గొంతు వినిపించింది.

"తాయారూ. అన్ని పంపులూ ఆపించాను. గాలి గొట్టానికున్న ప్రతి కవాటాన్నీ బిగించాం. ఇప్పుడు గొట్టంలో చప్పుడయితే అది కవాటం కాదు, ఇంకేదీ కాదు. తాతారావు గారు కూడా ఒప్పుకున్నారు. నేనడుగుతున్నాను, నువ్వు జవాబు చెప్పు. ఇంతకంటే మంచి పరీక్ష నువ్వయినా పెట్టలేవు."

నిజమే, పెట్టలేను. అడగడం, జవాబు, ఇంకో కారణం లేకపోవడం. అంతా నేను నేర్పినట్టే చేశాడు.

"ఒక్కటి కొట్టు చాలు. నేను ఇరుకు గదిలోనే, మైకు పక్కన ఉన్నాను, వెనక తలుపు బిగించేసుకున్నాను. ఒక్కటి వినిపిస్తే తీసుకుని వచ్చేస్తాను. నడవలో కాసిని నీళ్ళున్నా పర్వాలేదు, చూసుకుంటాను."

అత్తయ్య పీట మీంచి లేచి గోడ తడుముకుంటూ వచ్చింది. "పిలుత్తున్నాడే! కమ్మీ ఏదే? పలకవేటే!" కమ్మీ దొరక్క చేత్తోనే గొట్టం మీద కొట్టబోయింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. ముసలావిడకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో, నన్ను గోడకేసి తోసింది.

"నడవ నిండిపోయింది, అత్తయ్యా" అన్నాను. "కప్పు దాకా. తలుపు తీస్తే పోతాడు."

ఆవిడ చెయ్యి నా చేతిలో ఆగిపోయింది.

రావద్దని చెప్పే దారి వెతికాను. రెండు కొడితే? పది కొడితే? ఆపకుండా కొడితే? ఎన్ని కొట్టినా ఉన్నామనే అర్థం. ఉన్నామని తెలిస్తే వస్తాడు. వద్దన్నా వస్తాడు, వాణ్ణి నేనెరుగుదును. రావద్దనడానికి ఉన్న ఒకే ఒక్క మార్గం, లేకపోవడం.

"తాయారూ" అన్నాడు. కాసేపయ్యాక, "పెద్దమ్మా" అన్నాడు.

అత్తయ్య నోట్లో చీర కొంగు కుక్కుకుంది. నేను ఆవిణ్ణి వాటేసుకుని కింద కూర్చుండిపోయాను. ఊపిరి గట్టిగా పీల్చడానికి కూడా భయం వేసింది, గొట్టం దాకా వినిపిస్తుందేమోనని. జీవితంలో ఎప్పుడూ ఒక మనిషికి జవాబు చెప్పాలని ఇంతగా అనిపించలేదు. నా ఒళ్ళంతా జవాబు చెప్పాలని కొట్టుకుంటోంది.

వాడు చాలాసేపు ఆగాడు. పరీక్ష అన్నాక ఆగాలి, తొందరపడకూడదు. అదీ నేనే నేర్పాను.

తర్వాత ఊళ్ళోవాళ్ళతో, "ఎవరూ లేరండి" అన్నాడు.

ఇరుకు గది వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. బయటికి వెళ్ళిపోయాడు. బతికాడు.

నమోదు 8

సభ మళ్ళీ జరిగింది. లేనివాళ్ళ గదికి గాలెందుకని తాతారావు అడిగాడు. అడగడంలో తప్పు లేదు, నేనా స్థానంలో ఉంటే ఆ మాట ఇంకా ముందే అడిగేదాన్ని. ఇప్పుడు గాలి ఇనస్పెక్టరు పని కూడా ఆయనే చూస్తున్నాడట.

సూరిబాబు లేచాడు. "లోపల ఎవరూ లేరు, ఒప్పుకుంటున్నాను. గాలి మాత్రం ఆపకండి."

"మరెందుకండీ?"

"చెప్పలేను. నా వాటాలోంచి తగ్గించుకోండి."

ఎవరో నవ్వబోయి మానేశారు. చివరికి సర్లే అన్నారు. గాలి వస్తూనే ఉంది, ఇంతకుముందుకంటే సన్నగా.

అత్తయ్యకి నీరసంగా ఉంది. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని, "నా కూతురు పోతుంటే పలకలేదని ఆ దేవుణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో" అంది. నా వైపు తల తిప్పి, "ఆయన కూడా మనలాగేనంటావా?" అని అడిగింది.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మాకు జరిగిందాన్ని బట్టి ఇంకొకరి సంగతి తేల్చడం కుదరదు. అదే అన్నాను ఆవిడతో. ఇంత జరిగినా నీ నోరు మారలేదు అని నా చెయ్యి మీద కొట్టింది.

పొద్దు వాలాక స్పీకరు గరగరలాడింది. సభ వేళ కాదు. సూరిబాబు ఒక్కడే ఉన్నాడు. వంట చేసుకున్నాడట, ఉప్పు ఎక్కువైందట, పారబోయడానికి మనసొప్పక తినేశాడట. నా చీరలు పెట్టెలో పెట్టాలా, కొంకికే ఉంచాలా తేల్చుకోలేక అలాగే వదిలేశాడట. లేనిదానితో మాట్లాడుతున్నానని తాతారావుకి తెలిస్తే నవ్వుతాడు అన్నాడు. రేపు కూడా వస్తానన్నాడు.

"వింటున్నావా?" అని అడిగాడు.

వింటున్నాను. చేతులు రెండూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.